అత్త పేరు మీద పద్దెనిమిదేళ్ళు

కాగితం ప్రకారం కరోనా వచ్చిన ఏడు నాకు ఎనభై నాలుగేళ్ళు. ఆ వయసులో పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు దాటి వాషింగ్ లైనుకి నడిచి, ఎత్తు మెట్ల మీంచి బోగీలోకి ఎగబాకి, మోకాళ్ళ మీద కూర్చుని కక్కసులు తోమేదాన్ని. ఎవరికీ ఆశ్చర్యం వేయలేదు. నాకు చదవడం రాదు. చదవడం వచ్చినవాళ్ళకి ఆ కాగితం చూసే తీరిక లేదు.

నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా గొంతు మోటు. బోగీలో ఈ చివర నుంచి ఆ చివరికి కేకలేసీ కేకలేసీ అలా అయింది. నా మాటలు దిద్ది రాయమన్నాను, మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. ఎవరి పేరూ చెప్పను. ఆ గొడవంతా పేర్ల వల్లే వచ్చింది, మళ్ళీ ఎందుకు? కాంట్రాక్టు పనుల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లలు వినాలని చెబుతున్నాను.

ముందు మా గ్యాంగు సంగతి. దూరం నుంచి వచ్చిన రైలు మనుషుల్ని దింపేశాక వాషింగ్ లైనుకి వస్తుంది. బయట మగవాళ్ళు గొట్టాలతో కడుగుతారు, లోపల ఆడవాళ్ళం. ఒక్కో బోగీకి ఇద్దరు. అటు తలుపు దగ్గర ఒకరు మొదలెడితే ఇటు తలుపు దగ్గర ఇంకొకరు. కడుక్కుంటూ వచ్చి మధ్యలో కలుస్తారు. అలా తొమ్మిది జోడీలు, వాళ్ళ మీద మేటు. ఆ మేటు నేను, ఎవరి చెయ్యి వెనకబడితే అక్కడ నేనూ తోమేదాన్ని. మొత్తం పంతొమ్మిది మందిమి. చాలామంది తెలుగువాళ్ళమే, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి తాతల నాడు వచ్చినవాళ్ళ పిల్లలం. రైల్వే వర్క్‌షాపులో పర్మినెంటు ఉద్యోగం దొరికిన ఇళ్ళు వేరు, మా ఇళ్ళు వేరు. మేం కాంట్రాక్టరు మనుషులం. మూడు నాలుగేళ్ళకొకసారి కాంట్రాక్టరు మారేవాడు. పాతవాడి దగ్గర నుంచి కొత్తవాడు బ్రష్షులూ, బకెట్లూ, పేర్ల జాబితా తీసుకునేవాడు. బ్రష్షులన్నా మార్చేవారు, జాబితా మార్చేవారు కాదు.

ఎందుకంటే మాలో ఒక పద్ధతి ఉండేది. పని మనిషిది కాదు, ఇంటిది. అత్తకి నడుం పడిపోతే కోడలు వచ్చేది. కోడలు నీళ్ళాడితే ఆడబడుచు వచ్చేది. ఎవరు వచ్చినా పాత పేరుకే పలకాలి. కొత్త పేరు రాయించమని అడిగామా, ఆ చోటు ఖాళీ అయినట్టే. ఖాళీ అయిన చోటుకి గేటు బయట పదిమంది కాచుకుని ఉంటారు. అందుకని అడిగేవాళ్ళం కాదు. పాసు మీద ఫోటో ఉండాలి, ఉండేది కూడా. నీళ్ళలో నానీ నానీ ఆ ఫోటోలన్నింటిలోనూ ఒకటే ముఖం మిగిలింది.

మా అత్త మంచం పట్టిన వానాకాలం నేను వెళ్ళాను. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయింది, నేను ఉండిపోయాను. ఆవిడ మొదటి మేటు కనుక జాబితాలో ఆవిడ పేరే ముందు. ఆ పేరుతో పాటు మేటు పనీ నాకే వచ్చాక పంతొమ్మిది పేర్లూ పాటలా నోటికి వచ్చేశాయి. రోజూ పొద్దున్న అత్త పేరు నేనే పిలిచి, నేనే "హాజిర్" అనేదాన్ని. బతికున్నప్పుడు ఆవిడ పేరెత్తడానికి నోరు వచ్చేది కాదు. పోయాక పద్దెనిమిదేళ్ళు రోజూ కేకేసి పిలిచాను.

అప్పుడు కరోనా వచ్చింది, రైళ్ళు ఆగిపోయాయి. ఖరగ్‌పూర్‌లో రైలు కూత వినపడకపోతే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. కుక్కలు కూడా కంగారు పడ్డాయి. మా ఆయన స్టేషన్‌లో మూటలు మోసిన మనిషి, అప్పటికి పోయి ఆరేళ్ళు. ఆయన ఉంటే ఏం చేసేవాడో అనుకున్నాను. కూర్చునేవాడు, అంతే. అందరం కూర్చున్నాం.

ఒకరోజు సూపర్‌వైజర్ దాదా మా వీధి చివర నిలబడి కేకేశాడు. కాంట్రాక్టరు తరఫున మా పని చూసే బెంగాలీ అబ్బాయి, నన్ను మాసీ, అంటే పిన్నీ, అనేవాడు. పైనుంచి ఆర్డరు వచ్చిందట. పని ఆగినా కాంట్రాక్టు వాళ్ళని డ్యూటీలో ఉన్నట్టే చూడాలట. ఎవరికైనా ఆ జ్వరం తగిలితే, ఆసుపత్రి కాగితం ఉంటే, ఆ రోజులన్నీ సెలవు, కూలి ఆగదట.

మలంచాలో ఉండే పెద్దామె, గ్యాంగులో నా తరవాత వయసులో పెద్దది, చర్చికి తప్పకుండా వెళ్ళే మనిషి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "పని సేస్తేనే ఇవ్వడానికి ఏడుస్తారు, పడుకుంటే ఇత్తారేటి? ఓలమ్మ, ప్రభువు రెండో రాకడ అయిపోనాదేటి?"

మాకు నవ్వాగలేదు. మాకు సెలవు అన్న మాటే లేదు మరి. రాకపోతే నాగా. నాగా పెడితే బదులు మనిషిని పంపాలి. పంపకపోతే పేరు కొట్టేస్తారు. జ్వరానికి పడుకుంటే కూలి ఇస్తారన్నది పిచ్చివాడి మాటలా ఉంది.

"మాసీ, పేర్లు చెప్పు, పైకి పంపాలి" అన్నాడు.

అదిగో, అక్కడ నేను మాట మార్చి ఉండవచ్చు. ఫలానా పేరుకి ఫలానా మనిషి పనిచేస్తోందని అప్పుడే చెప్పి ఉంటే, ఎలాగూ అన్నీ తలకిందులైన రోజులు, అదీ సర్దుకునేదేమో. నాకు భయం వేసింది. పాత పాటే పాడాను. పంతొమ్మిది పేర్లూ రాసుకున్నాడు. అందులో ఏడు పేర్లకి పనిచేసే మనుషులు వేరు. ఆ ఏడింటిలో రెండు పేర్ల వాళ్ళు భూమ్మీదే లేరు. ఒకావిడ మా అత్త, ఇంకొకావిడ మలంచా పెద్దామె మేనత్త.

కొన్నాళ్ళకి వలస కూలీల రైళ్ళు మొదలయ్యాయి. వాటిని కడగాలి కదా, సగం సగం మందిని పిలిచారు. ఎన్నో ఏళ్ళు బోగీలు కడిగాను. అలాంటి బోగీలు చూడలేదు. ఎండిపోయిన పూరీలు, సీసాలు, ఒకే కాలి చెప్పులు. గోడల మీద గోటితో గీకిన ఫోన్ నంబర్లు. ఎవరికోసం గీశారో. వాటి మీద రసాయనం పోసి తోమడానికి చెయ్యి రాక ముందు మిగతావన్నీ కడిగి, చివరికి అవి కడిగాం.

ఆ బోగీల్లోనే మా గ్యాంగు పిల్లకి, తాల్‌బగీచా పేటలో ఒక ఇంటి చిన్నకోడలికి, జ్వరం తగిలింది. ఆ పిల్ల తన తోటికోడలి పేరు మీద పనిచేసేది. తోటికోడలికి నడుంనొప్పి వచ్చి మానేస్తే ఈ పిల్ల వచ్చింది. ఆ తోటికోడలు రైళ్ళు ఆగకముందే ఇచ్ఛాపురంలో పుట్టింటికి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. చిన్నకోడలి మొగుడు టోటో బండి, అదే బ్యాటరీ ఆటో, నడిపేవాడు. బండి ఇంటి ముందు ఆగిపోయి ఉంది. ఇద్దరు పసిపిల్లలు. ఇల్లంతా ఈ పిల్ల కూలి మీదే.

"సిన్నమ్మా, ఒల్లు కాలిపోతాంది. నాలిక్కి రుసి తెలీడం లేదు" అని ఫోన్ చేసింది.

నా బుర్ర అప్పుడు పాదరసంలా పనిచేసింది. చేయకుండా ఉంటే బాగుండేది. "బేగి ఎల్లి పరీక్ష సేయించుకో. కానీ నీ పేరు సెప్పకు. డ్యూటీ పేరు సెప్పు, మీ అక్క పేరు. ఫోన్ నెంబరు కూడా దాందే ఇయ్యి. కాగితం డ్యూటీ పేరు మీద ఉంటేనే గదా సెలవు" అన్నాను.

"ఆధారు కార్డు అడిగితే?"

"మరిసిపోనానని సెప్పు. జొరమొచ్చినోల్లకి అన్నీ గేపకముంటాయేటి?"

పరీక్ష శిబిరం దగ్గర చాంతాడంత వరస. ఎవరూ కార్డు అడగలేదు. చెప్పింది రాసుకున్నారు. నేను ఇంట్లో కూర్చుని ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

రెండు రోజులకి ఇచ్ఛాపురం నుంచి ఫోన్. తోటికోడలు. "ఓలప్పా! నాకు కరోనా అంట! సుబ్బరంగా అన్నం తింటన్నాను, ఆవుకి గడ్డేస్తన్నాను. ఎవలో ఫోన్ సేసి నీకు రోగమొచ్చింది, ఇల్లు కదలకు అంటన్నారు. ఏటే ఇది?"

"నువ్వేటి సెప్పినావు?"

"నానక్కడ లేను బాబూ, ఇచ్ఛాపురంలో ఉన్నానని సెప్పినాను. అయితే అక్కడోల్లకి సెప్తామన్నారు."

చెప్పారు కూడా. మర్నాడు ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్ళ సందుకి ముళ్ళకంప అడ్డం పెట్టేశారట. ముసలి తల్లిని కొళాయి దగ్గరికి కూడా రానివ్వడం లేదట. ఒళ్ళు బాగున్న మనిషి అక్కడ కంప వెనకాల ఉంది. జ్వరంతో కాలిపోతున్న పిల్ల ఇక్కడ తాల్‌బగీచాలో ఏ జాబితాలోనూ లేకుండా పడి ఉంది. మందు బిళ్ళలు ఇవ్వడానికి ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? రోగి ఇచ్ఛాపురంలో ఉంది కదా.

నాలుగో రోజు ఆ పిల్లకి ఊపిరి ఆడలేదు. మొగుడు టోటో తీసి, దారిలో పోలీసుల కాళ్ళ మీద పడి, ఆసుపత్రికి చేర్చాడు. వాళ్ళు పేరు సంగతి తరవాత చూద్దామని ముందు గాలి పెట్టారు, పుణ్యాత్ములు. కార్డు చూపిస్తే అసలు పేరు రాసుకున్నారు. అలా ఒక్క జ్వరానికి రెండు పేర్ల మీద రెండు కాగితాలు తయారయ్యాయి. పిల్ల బతికింది. కానీ కోలుకోవడానికి చాలా వారాలు పడుతుందన్నారు. ఆ వారాలన్నీ సెలవు కింద చూడకపోతే పేరు కొట్టేస్తారు. ఆ ఇంటికి ఉన్న ఒక్క చోటూ పోతుంది.

సూపర్‌వైజర్ దాదా నన్ను పిలిచాడు. "మాసీ, రిజిస్టర్‌లో ఉన్నావిడ ఆంధ్రాలో ఉంది. డ్యూటీలో లేదు, సెలవు లేదు. ఆసుపత్రిలో ఉన్నావిడ మన మనిషి కాదు. ఆమెకీ సెలవు లేదు."

"మరి ఆ బోగీ కడిగినోల్లెవలు దాదా?"

"అది నన్ను అడక్కు" అన్నాడు. తల దించుకునే అన్నాడు. అతను చెడ్డవాడని చెప్పను. ఏడుగురి సంగతీ అతనికి తెలుసు. అతని మీద ఇంకొకడున్నాడు, వాడి మీద ఇంకొకడు. "సోమవారం లేబర్ ఆఫీసర్ మేడమ్ వస్తోంది. పేర్లు సరిచూసి సంతకం పెడితేనే మీ అందరికీ కూర్చున్న రోజుల కూలి. మాస్కులు వేసుకుని రండి, ముఖాలు కనపడవు. నువ్వు పిలువు, వాళ్ళు పలుకుతారు. ఝామేలా చెయ్యకు మాసీ, గొడవ వద్దు. ఒక్క మనిషి కోసం పద్దెనిమిది మంది అన్నం పాడు చేస్తావా?"

ఆ మాటే సబబు అనిపించింది. సాయంత్రం చిన్నకోడలి మొగుడు మా గుమ్మానికి దూరంగా వచ్చి నిలబడేదాకా అలాగే అనిపించింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "సిన్నమ్మా, అక్క పేరు సెప్పమని నువ్వే గదా సెప్పినావు. ఇప్పుడేటి సెయ్యాలో కూడా నువ్వే సెప్పు" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

ఆదివారం మలంచా పెద్దామె దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో ఆమె ఒక మూల, నేను ఒక మూల, మధ్యలో బియ్యం చేట.

"నువ్వు మీ మేనత్తవి, నాను మా అత్తని. కాగితంలో మనిద్దరం దెయ్యాలం" అన్నాను.

"అయితే? దెయ్యాలకి కూడా ఆకలేస్తాది."

"రేపు సెప్పీద్దామనుకుంటన్నాను."

ఆమె చేట కింద పెట్టింది. "సెప్పీసి? ఇంటికొచ్చి ఏటి వొండుకుంటావు, నిజమా? నిజం నంజుకోడానికి బాగుంటాది, అన్నానికి బదులవదు. నీకు కొడుకున్నాడు, నాకెవలున్నారు? సెప్తే నీ మట్టుకి నువ్వు సెప్పుకో, నా ఊసెత్తకు. ఎల్లు."

ఆదివారం ప్రార్థన చేసిన నోటితోనే అంది. నాకు కోపం రాలేదు. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

సోమవారం వాషింగ్ లైను షెడ్డు కింద కుర్చీ వేశారు. మేడమ్ నడివయసు మనిషి, హిందీలో మాట్లాడింది, చేతికి తొడుగులు. మేం దూరం దూరంగా నిలబడ్డాం, చీర చెంగుతో కుట్టుకున్న మాస్కులు. కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. సూపర్‌వైజర్ చెప్పినట్టే, ఎవరైనా ఎవరి పేరుకైనా పలకవచ్చు. ఇచ్ఛాపురం తోటికోడలి పేరుకి మాత్రం గైర్హాజరు అని రాసేస్తారు. అంతే, అయిపోతుంది.

"పిలవండి" అంది మేడమ్.

మా అత్త పేరు పిలిచాను. పిలిచి ఊరుకున్నాను. పలకాల్సింది నేనే. పద్దెనిమిదేళ్ళు పలికిన నోరు తెరుచుకోలేదు. మళ్ళీ పిలిచాను. రైళ్ళు లేని లైను కదా, గొంతు అటు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"రాలేదా?" అంది మేడమ్, కలం ఎత్తి.

మాస్కు కిందికి లాగాను. "రాదమ్మా. పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆవిడ కోడల్ని నేను" అని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

సూపర్‌వైజర్ గబగబా ముందుకొచ్చాడు. "మేడమ్, ముసలావిడ, భయంతో మతి పోయింది."

మేడమ్ అతన్ని చేత్తో ఆపింది. కాగితం తిరగేసింది. "ఇక్కడ ఎనభై నాలుగని ఉంది. మీ వయసెంత?"

"కాగితం మీదా, ఒంటి మీదా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. సుభాష్‌పల్లి నుంచి వచ్చే ఒకామె, నలుగురు పిల్లల తల్లి, తన సొంత పేరు మీదే పనిచేసే మనిషి, తెలుగులో అరిచింది. "ఓ మేటప్పా, నోరు ముయ్యి! నీ పాపానికి మా పిల్లల నోటికాడ కూడు తీస్తావేటి? మేమేటి సేసినాం?"

నిజమే, ఆమె ఏమీ చేయలేదు. కానీ నోరు మొదలెట్టాక ఆగే రకం కాదు. ఇంటి పద్ధతి చెప్పాను. పాసుల ఫోటోల సంగతి చెప్పాను. తాల్‌బగీచా పిల్ల జ్వరం, నేను చెప్పించిన దొంగ పేరు, ఇచ్ఛాపురంలో ముళ్ళకంప, అన్నీ చెప్పాను. "పిలిచింది నేను, పలికించింది నేను. ఆ పిల్ల బోగీ కడిగింది, రోగం తెచ్చుకుంది. ఆమె సెలవు ఆమెకివ్వండి. నాకేం చేస్తారో చేసుకోండి."

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదమ్మా. పిలిస్తే ఒక గొంతు పలికితే చాలన్నారు."

అప్పుడు మలంచా పెద్దామె కదిలింది. నా పక్కకి రాలేదు, నా కన్నా ముందుకు వెళ్ళి నిలబడింది. "రెండో పేరు మా మేనత్తది. ఆమె కూడా లేదు. నమ్మకపోతే రండి, సమాధి చూపిస్తాను, పువ్వులు మీరే తెచ్చుకోండి" అంది బెంగాలీలో. తరవాత నా వైపు తిరిగి తెలుగులో, "నీ ఎనకాల నిలబడితే నాకేటి ఇనపడతాది, అందుకని ముందుకొచ్చినాను. ఊరికే మురిసిపోకు" అంది. ఆమె తరవాత మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మాస్కులు దించారు.

సూపర్‌వైజర్ పట్టు వదల్లేదు. "మేడమ్, రిజిస్టర్‌లో లేని మనిషికి సెలవు ఎలా ఇస్తాం? ఆమె ఇక్కడ పనిచేసిందని రుజువేది?"

మేడమ్ నా వైపు తిరిగి, "మీరు పని ఎలా చేస్తారు?" అని అడిగింది. జోడీల సంగతి చెప్పాను. అటు తలుపు, ఇటు తలుపు, మధ్యలో కలవడం. "అయితే ఎవరితో ఎవరు కలిసేవారో వాళ్ళే చెప్పాలి. ఒకరికొకరు సాక్షి. అబద్ధమైతే ఇద్దరూ ఇంటికి" అంది.

జోడీలు జోడీలుగా ముందుకు రమ్మంది. ఆఖరికి ఒక్క మనిషే మిగిలింది. తాల్‌బగీచా చిన్నకోడలి జోడీ ఎవరో తెలుసా? నన్ను నోరు ముయ్యమన్న సుభాష్‌పల్లి ఆమె.

ఆమె సొంత పేరు మీద ఉంది. ఆమెకి ఏ భయమూ లేదు. నాకు తెలీదు అన్నా చాలు. సూపర్‌వైజర్ ఆమెనే చూస్తున్నాడు. ఆమె నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు, తినేసేలా చూసింది.

మేడమ్ అడిగింది. "మధ్యలో మిమ్మల్ని కలిసేది ఎవరు?"

ఆమె ముక్కు చీదుకుని, తెలుగులోనే చెప్పేసింది. "అదే. ఆ తాల్‌బగీచా గుంటే. మూడేల్లనుంచి అదే. ఆ రోజు దగ్గుతా దగ్గుతా ఒచ్చినాది. నువ్వు కూకోయే, నీ సగం నాను కడుగుతానంటే ఇనలేదు. మద్దిదాకా వొచ్చే కూలబడినాది."

మేడమ్ నా వైపు చూసింది, హిందీలోకి మార్చి చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. మేడమ్ సూపర్‌వైజర్‌తో నెమ్మదిగా అంది, "జ్వరం పేరుకి రాదు దాదా, మనిషికి వస్తుంది. రాసుకోండి."

అందరివీ అసలు పేర్లు రాశారు. మిగతావాళ్ళు వేలిముద్రలు వేశారు. నేను సంతకం పెట్టాను. చెయ్యి అలవాటుగా వేలిముద్రకే వెళ్ళబోయింది, ఆపి సంతకమే పెట్టాను. మా ఆయన నేర్పిన ఆరు అక్షరాలు, అదే మొదటిసారి పనికొచ్చాయి.

ఆ మేడమ్ కాగితం వెంటనే కదల్లేదు. ఫోన్లు, తిరుగుళ్ళు, ఇంకో కాగితం, ఇంకో వేలిముద్ర. చివరికి తాల్‌బగీచా పిల్లకి ఆసుపత్రి రోజులూ, ఇంట్లో పడుకున్న రోజులూ సెలవు కిందే వచ్చాయి. కూలి వచ్చింది. అంతకన్నా ముఖ్యం, పేరు నిలిచింది. ఆమె సొంత పేరు. నోటి దగ్గర కూడు ఎవరికీ పోలేదు, ఒక్క దెయ్యాలకి తప్ప. మా అత్త పేరు మీద రావలసిన కూర్చున్న రోజుల కూలి ఎవరికీ ఇవ్వలేదు. చనిపోయినావిడకి ఎలా ఇస్తారు? నాకూ ఇవ్వలేదు. కాగితం మీద నేను ఆ సోమవారమే పుట్టాను, పుట్టకముందు రోజులకి కూలి ఎవరిస్తారు? మలంచా పెద్దామెకీ అంతే. ఆ నెలలు నేను నా కొడుకు తిండి తిన్నాను. నేను ఉడికించిన గంజిలో సగం రోజూ ఆమె వాకిటికి చేరింది. "నిజం ఉడికిందేటి?" అని అడిగి గిన్నె తీసుకునేది.

నన్ను మేటుగా తీసేశారు. ఆ చోటు సుభాష్‌పల్లి ఆమెకి ఇచ్చారు. న్యాయంగా చెప్పాలంటే నాకన్నా బాగా చేసింది. చదువుకున్న మనిషి, జాబితా చూసి చదివేది. నేను బకెట్టు పట్టుకుని మలంచా పెద్దామెకి జోడీగా మళ్ళీ బోగీ ఎక్కాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసు అత్త ఖాతాలోకి పోయింది. నిరుడు పని మానేసినప్పుడు ఇచ్చిన కాగితంలో కొద్ది ఏళ్ళే ఉన్నాయి. పటం కట్టించాను. కోడలు నవ్వింది, నవ్వితే నవ్వింది.

ఇచ్ఛాపురం తోటికోడలు మాత్రం ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. తిరిగి వచ్చీ రాగానే నా గుమ్మం ముందు నిలబడి, "నా రోగం దానికిచ్చినావు, బాగానే ఉంది. నా ఉజ్జోగం కూడా దానికే రాసిచ్చీసినావేటి?" అని అడిగింది. అదే ఆఖరి మాట. ఇంటి చోటు అనుకున్నది ఒక మనిషిది అయిపోయింది. తోటికోడళ్ళ మధ్య నిప్పు పెట్టింది నేనే. బోగీల్లో మందు చల్లే పనికి కొత్తవాళ్ళని తీసుకుంటున్నారని తెలిసినప్పుడు ఆమెని వెంటబెట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. అతను నన్ను చూసి దండం పెట్టాడు. "మాసీ, ఈసారి బతికున్న మనిషినే తెచ్చావా?" అన్నాడు. ఆమె పేరు ఆమె పేరుగానే ఎక్కింది. అప్పుడు కూడా ఆమె నాతో మాట్లాడలేదు. కానీ వెళ్ళేటప్పుడు నా బకెట్టు ఆమె మోసింది.

పిల్లలూ, మీ పాసు మీద ఎవరి పేరుందో ఎవరి చేతైనా చదివించుకోండి. నేను చెప్పగలిగింది అంతే.

మరుసటి ఏడు జ్వరాలు మళ్ళీ ఊరంతా పాకాయి. రైళ్ళు ఈసారి ఆగలేదు. ఒక పొద్దున్న హాజిరీ దగ్గర అందరం నిలబడ్డాం. కొత్త మేటు జాబితా చదువుతోంది. తాల్‌బగీచా చిన్నకోడలి పేరు వచ్చింది. ఎవరూ పలకలేదు.

పాత అలవాటు చూడండి, మేమందరం ఒక్కసారే గేటు వైపు తిరిగాం. ఎవరిని పంపిందో, ఎవరు పరిగెత్తుకుంటూ వస్తున్నారో అని. గేటు దగ్గర ఎవరూ లేరు.

"అదేది? బదులు ఎవల్ని పంపినాది?" అంది మేటు.

వరసలో తన చోట, తన పేరు మీద నిలబడి ఉన్న తోటికోడలు మాస్కు లోపలినుంచి, ఇదొక అడగాల్సిన సంగతా అన్నట్టు చెప్పింది. "దానికి జొరం. బదులెందుకు? సెలవు పెట్టినాది."

మేటు కలం తీసి ఏదో రాసుకుంది. మలంచా పెద్దామె నన్ను మోచేత్తో పొడిచింది. రైలు అప్పటికే లైన్లో ఆగి ఉంది. ఆ పిల్ల వైపు సగం బోగీ ఆ రోజు మేమిద్దరం కడిగాం.